హారిస్‌డేల్ శిఖరాగ్ర సమావేశం

మొన్న సాయంత్రం టీవీలో ఏవో పెద్ద దేశాల అధినేతలందరూ గ్రూప్ ఫొటోకి నిలబడుతున్నారు. బెండకాయలు తరుగుతున్నదాన్ని, రిమోట్ అందుకుని సౌండ్ ఆపేశాను. "అమ్మా, వై డిడ్ యూ మ్యూట్ ఇట్?" అంది మా అమ్మాయి. "మాటలు వింటే ఏం తెలుస్తుందే, కాళ్లు చూడాలి. ఎవరి పాదాలు ఎటు తిరిగున్నాయో చూస్తే ఎవరికి ఎవరితో పడదో తెలిసిపోతుంది" అన్నాను. అనేశాక గానీ అది నా మాట కాదని తట్టలేదు. ఆ మాట నేర్పిన మనిషి పోయి నెల కూడా కాలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే వాళ్లావిడ, మా ఆంటీ, ఊరుకోదు, "పోయాక కూడా ఆయన గొడవేనా మీకు" అంటుంది. ఆస్ట్రేలియాలో ఈ పెర్త్‌లో, అందులోనూ మా హారిస్‌డేల్‌లో, ఆయన పేరుతో ఎవరికీ పని పడలేదు కూడా. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆయన సమ్మిట్ అంకుల్. పోనీ విదేశాంగ శాఖలో ఏమైనా చేశారా అంటే అదేం లేదు. కాకినాడ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఇక్కడ కూతురి దగ్గర ఉండిపోయారు. మా పెరట్లో కరివేపాకు మొక్క ఎండిపోతుంటే చూడమని అడిగాను ఒకసారి. "అదంతా సర్వీసులోనే అయిపోయిందమ్మాయ్" అని మొక్కకి వీపు తిప్పి, లోపలికొచ్చి టీవీ పెట్టమన్నారు.

ఏ దేశాధినేత ఏ దేశానికి వెళ్లినా ఈయన ఇక్కడ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కూర్చోవలసిందే. సౌండ్ ఉండకూడదు. "ఆ కుర్చీలు చూసేవా? రెండూ ఒకే ఎత్తు. ఆ ఎత్తు తేల్చడానికి రెండు దేశాల ఆఫీసర్లు ఎంత కొట్టుకుని ఉంటారో" అనేవారు. ఇద్దరు నాయకులు గుమ్మం దాటుతుంటే మాత్రం ముందుకు వంగేవారు. ఎవరు ఎవరి వీపు మీద చెయ్యి వేసి ముందు లోపలికి పంపిస్తే, ఆ ఇంటికి వాళ్లే పెద్ద అని అర్థమట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన ఎవరి చేతా వీపు మీద చెయ్యి వేయించుకోలేదు.

దీంతో మా ఇండియన్ కిరాణా షాపులో పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ఇంకో పెద్దాయన, పాపం ఆయన ఏదో మర్యాదకి, "మీరు పదండి" అని ఈయన భుజం మీద చెయ్యి వెయ్యబోయారు. ఈయన పక్కకి జరిగి, వెనక్కి తిరిగి, ఆయన వీపు మీద తన చెయ్యి వేశారు. "లేదు లేదు, నేను రోజూ వస్తాను ఈ షాపుకి, నేనే ఆతిథ్య దేశం." ఆ తలుపేమో ఆటోమేటిక్‌ది. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్లీ తెరుచుకుంటోంది. బియ్యం బస్తా మోసుకొస్తున్న నేను, నా వెనక ఇంకో నలుగురు, ఇద్దరు పెద్దమనుషుల మర్యాదలు తేలేదాకా అలాగే నిలబడ్డాం.

పేపరు భాష ఆయనకి కరతలామలకం. "చర్చలు స్నేహపూర్వక వాతావరణంలో జరిగాయి" అంటే ఏమీ తేలలేదట. "ఫలప్రదంగా జరిగాయి" అంటే ఎవరో ఎవరి దగ్గరో ఏదో కొన్నారట. "నిర్మొహమాటంగా సాగాయి" అంటే గట్టిగా అరుచుకున్నారట. ఇంట్లో కూడా ఇదే భాష. షుగర్ పరీక్షకి వెళ్లొచ్చినప్పుడు డాక్టరు ఏమన్నారంకుల్ అని అడిగితే, "నిర్మొహమాటంగా సాగింది" అని తల దించుకున్నారు.

ఆంటీ మాత్రం ఈ ప్రపంచ వ్యవహారాలకి ఎప్పుడూ లొంగలేదు. అక్కడ ఇద్దరు అధినేతలు చేతులు కలపబోతుంటే సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వినపడేది. "ఏవండీ, ప్రపంచ శాంతి తర్వాత చూసుకోవచ్చు గానీ ముందు ఆ చెత్త డబ్బా బయట పెట్టండి. ఈ వారం రీసైక్లింగ్‌ది, పసుపు మూతది." ఆయన "ఏకపక్ష నిర్ణయాలు" అని గొణుక్కుంటూ లేచేవారు. లేచేవారు మాత్రం.

నిజమైన అధినేతను ఆయన ఒక్కసారే చూశారు. చూశానని ఆయన అనేవారు. ఎప్పుడో ఏదో సమావేశానికి చాలా దేశాలవాళ్లు పెర్త్ వచ్చినప్పుడు, అప్పటికి చుట్టపుచూపుగా వచ్చి ఉన్న ఈయన ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డారు. నల్లద్దాల కారు ఒకటి వెళ్లింది. అద్దం కాస్త దిగింది, ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది, అద్దం మళ్లీ ఎక్కింది. "ఏ దేశం అంకుల్?" అని మేం అడిగేవాళ్లం, ప్రతిసారీ, ఆ జవాబు వినడం కోసమే. "ఏ దేశమో తెలీదమ్మా. మర్యాదస్థుల దేశం."

ఇక మా గొడవ చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఏమిటో తెలియదు.

నేనూ, స్వరూపా ఒకే చలికాలంలో పెర్త్‌లో దిగాం. నాది గుంటూరు, తనది కరీంనగర్. మొదట్లో ఒకే ఇంట్లో చెరో గదిలో అద్దెకున్నాం. తన కూతురు మేఘన నా ఒళ్లో పెరిగిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు, మా ఇంట్లో పప్పన్నం తిని మా సోఫా మీదే నిద్రపోయేది. మా తెలుగు సంఘానికి నేను అధ్యక్షురాలిని, తను కార్యదర్శి. ఒక ఉగాదినాడు కార్యక్రమం ఎప్పటిలాగే ఆలస్యమైంది. ఆఖరి అంశం మేఘన డాన్సు. ఈలోగా భోజనాలు వచ్చేశాయి. నేను మైకు తీసుకుని, "భోజనాలు రెడీ అండీ, మేఘన డాన్సు అయ్యాక అందరూ పక్క హాల్లోకి రండి" అన్నాను. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. కానీ "భోజనాలు రెడీ" అన్న మాట తర్వాత మనవాళ్లకి ఇంకేమీ వినపడదు. క్షణంలో హాలు ఖాళీ. పక్క హాల్లో జనం పులిహోర మీద పడిపోతుంటే, పిల్లలు నలిగిపోతున్నారని వాళ్లని క్యూలో పెట్టడానికి నేనూ పరిగెత్తాను. ఇక్కడ మేఘన ఖాళీ కుర్చీల ముందు డాన్సు చేసింది.

స్వరూప ఆరోజు నాతో ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తర్వాత నెలలో వాళ్ల కొత్త సంఘం పోస్టరు కిరాణా షాపు అద్దం మీద చూశాను. ఆ విషయం నాకు తను చెప్పలేదు, పోస్టరు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

సగం కుటుంబాలు అటు, సగం ఇటు. ఆదివారం తెలుగు తరగతి కూడా రెండుగా చీలింది. అప్పుడప్పుడే మా అమ్మాయి ఒత్తులు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాక కమ్యూనిటీ సెంటర్‌వాళ్లు రెండు సంఘాలకీ ఒకటే చెప్పారు. ఇంత కొద్దిమంది పిల్లల కోసం వచ్చే టర్మ్ నుంచి గది ఇవ్వలేమన్నారు. కలిస్తే ఒక తరగతి ఉంటుంది, కలవకపోతే ఏదీ ఉండదు. కలవాలంటే ముందు నేనూ స్వరూపా మాట్లాడుకోవాలి. మేమేమో షాపులో ఎదురుపడితే ఒకరు పప్పుల వరసలోకి, ఇంకొకరు ఫ్రిజ్‌ల వైపుకి తప్పుకునే స్థితిలో ఉన్నాం.

ఆ కబురు విన్న సాయంత్రమే సమ్మిట్ అంకుల్ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, దీనికి సమ్మిట్ తప్ప దారి లేదు. నేను షెర్పాగా ఉంటాను."

"షెర్పా అంటే కొండలెక్కేవాళ్లు కదంకుల్?"

"కొండెక్కేది మీరమ్మా. మూట మోసేవాడు షెర్పా. పెద్దవాళ్లు కలవకముందే అటూ ఇటూ తిరిగి అన్నీ తేల్చేస్తాడు. కలిశాక మాట్లాడుకునేవాడంత అమాయకుడు ఇంకొకడు ఉండడు. కలిసేది ఫొటో కోసం."

అలా మొదలైంది. మా ఇంటికీ స్వరూప ఇంటికీ మధ్య ఒక పార్కు. ఆ ఎండలో గొడుగు వేసుకుని ఆయన పార్కు దాటి అటు, మళ్లీ ఇటు. ఇక్కడ సున్నుండ, అక్కడ సకినాలు. ఆంటీ నాకు ఫోన్ చేసి, "అమ్మా, మీరు విడిపోయారో కలిశారో నాకు తెలీదు గానీ ఈయన షుగర్ మాత్రం పెరుగుతోంది, త్వరగా తేల్చండి" అంది.

సమావేశానికి ముందే ఉమ్మడి ప్రకటన రాసెయ్యాలన్నది ఆయన పట్టుదల. ఒప్పుకోని మాటలన్నీ బ్రాకెట్లలో పెట్టాలట, ఒప్పుకున్నకొద్దీ బ్రాకెట్లు తీసెయ్యాలట. పెద్ద పెద్ద దేశాలు కూడా అలాగే చేస్తాయట. మొదటి ముసాయిదా తెచ్చారు. అందులో బ్రాకెట్లు లేని మాటలు రెండే రెండు, "ఆదివారం", "హారిస్‌డేల్".

అసలు చిక్కు భోజనాల ప్రకటన దగ్గర వచ్చింది. నేను చింతిస్తున్నానని రాయాలని స్వరూప. చచ్చినా రాయనని నేను. డాన్సు అయ్యాక అని స్పష్టంగా అన్నాను, వినకపోతే నేనేం చెయ్యను? అంకుల్ పార్కు బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి ఇలా రాసుకొచ్చారు. "భోజన ప్రకటన వెలువడిన సమయం విషయంలో ఇరుపక్షాలు తమ తమ అభిప్రాయాలను పరస్పరం గుర్తు చేసుకున్నాయి." దాని అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అభ్యంతరం చెప్పడానికి అందులో ఏమీ దొరకలేదు. స్వరూపకీ దొరకలేదట. బ్రాకెట్లు పోయాయి.

ఆదివారం పొద్దున అంకుల్ వాళ్ల గరాజ్‌లో సమావేశం. ఎవరి ఇల్లూ కాకుండా, ఏ హాలూ కాకుండా తటస్థ వేదిక అన్నమాట. తినడానికేమీ ఉండకూడదని గట్టి షరతు పెట్టారు. "భోజనం వల్లే ఇంత దాకా వచ్చింది" అన్నారు.

ముందురోజు శనివారం మధ్యాహ్నం ఆయన తుది ప్రకటనను మా ఇద్దరికీ వాట్సాప్‌లో పంపబోయారు. రెండు సంఘాల గ్రూపుల్లోనూ ఉన్న ఏకైక మనిషి ఆయన. ఆ వేలు ఎక్కడ పడిందో ఏమో, ప్రకటన వెళ్లి రెండు గ్రూపుల్లోనూ పడింది. అలాంటి ప్రకటనలన్నీ జరిగిపోయినట్టే రాస్తారు కదా, ఇదీ అలాగే ఉంది. "ఇరువురు అధ్యక్షురాళ్లు నేడు హారిస్‌డేల్‌లో స్నేహపూర్వక వాతావరణంలో సమావేశమయ్యారు. సుహృద్భావంతో ఒకరినొకరు ఆలింగనం చేసుకున్నారు. ఇకపై ఒకే ఉగాది, ఒకే తెలుగు తరగతి ఉండాలని నిర్ణయించారు."

ఇంకేముంది. దండాలు, పువ్వులు, లడ్డూ బొమ్మలు. ఎవరో అప్పుడే మమ్మల్ని కలిపి పాత ఫొటో ఒకటి పెట్టారు. "కళ్లు చెమర్చాయి మేడం" అని ఒకాయన. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఫోన్ మోగింది. స్వరూప. రెండేళ్లలో మొదటిసారి.

"ఏం పద్మా, నువ్వు నన్ను ఎప్పుడు అలుముకున్నవ్?"

"నేనెప్పుడు కౌగిలించుకున్నానే, నాకూ ఇప్పుడే తెలిసింది."

"మరి గట్లెట్ల రాస్తడు? ఆస్క్ చెయ్యకుండ గ్రూపుల ఎట్ల పెడ్తడు? పద, పోయి అడుగుదాం. నేనొస్తున్న, బయటికి రా."

కారు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ఎక్కి కూర్చున్నాను. ఇద్దరం ముందుకే చూస్తున్నాం. "ముసలాయనని చెప్పి ఊకుంటే గింత పని చేసిండు" అంది. "ఊరుకుంటే ఇంకేం రాసేవారో" అన్నాను నేను. "సీట్ బెల్ట్ పెట్టుకో" అంది అదే కోపంతో.

గరాజ్ షట్టర్ ఎత్తే ఉంది. లోపల ఆయన మోకాళ్ల మీద కూర్చుని టేపుతో రెండు కుర్చీల ఎత్తు కొలుస్తున్నారు. ఒకటి డైనింగ్ కుర్చీ, ఇంకోటి క్యాంపింగ్ కుర్చీ. పొట్టిదాని కాళ్ల కింద సూపర్‌మార్కెట్ క్యాటలాగులు మడిచి పెట్టారు. మమ్మల్ని చూసి కంగారుగా లేచారు.

"సమావేశం రేపు కదమ్మా, ఇవాళే వచ్చేశారేం?"

ఇద్దరం ఒక్కసారే మొదలుపెట్టాం. ఎవరు పంపమన్నారంటే ఎవరు రాయమన్నారని. ఆయన ఒక్కొక్కరి వైపూ తిరుగుతూ, "పొరపాటమ్మా, వేలు జారింది" అంటున్నారు. నేను, "అసలు ఇదంతా ఎందుకొచ్చిందంకుల్, ఈవిడ ఆరోజే నన్ను నిలదీసి ఉంటే పోయేది" అన్నాను. అంతే, స్వరూప ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"ఏమని నిలదీయాలె? నా బిడ్డ స్టేజి మీద నిలబడి నీ కోసం చూస్తుంది. పద్మత్త ఎక్కడ, పద్మత్త ఎక్కడ అని. నువ్వు పోయి పులిహోర కాడ నిలబడ్డవ్."

"పిల్లలు నలిగిపోతుంటే వెళ్లానే. ఆ కోపం నా మొహాన పడెయ్యాల్సింది. పోస్టరు మీద చూసుకోమంటావా నేను?"

"చెప్తే ఏడుపొస్తదని చెప్పలే. నీ ముందల ఏడ్వద్దని చెప్పలే."

అంకుల్ మొహం పాలిపోయింది. మా ఇద్దరి మధ్యకీ వచ్చి చేతులు చాపి, "వద్దమ్మా, ఇది ఎజెండాలో లేదు, ఇది ఎజెండాలో లేదు" అన్నారు. ఆంటీ ఇంట్లోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు లోపలికి రండి. వాళ్లని మాట్లాడుకోనివ్వండి." కలిశాక మాట్లాడుకోవడం కుదరదని జీవితమంతా వాదించిన ఆయన, తల వంచుకుని ఆవిడ వెంట లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది.

"ఆ డాన్సు నేను చూడలేదే స్వరూపా" అన్నాను. "చూపించు. ఉందా వీడియో?"

"ఉంది. ఆరోజు స్టేజి ఎనక పాట పెట్టుకుంట ఉన్న, వీడియోల గూడ మొత్తం సూడలే. ఆ ఖాళీ కుర్చీలు సూస్తే సగంల ఆపేస్త."

అంకుల్ కొలిచిపెట్టిన ఆ కుర్చీల్లోనే కూర్చున్నాం. స్వరూప భర్త హాలు వెనకనుంచి తీసిన వీడియో అది. పచ్చ పరికిణీలో మేఘన. అడుగు తప్పలేదు, ఒక్కటీ తప్పలేదు. మధ్యలో స్వరూప వేలు ఆపడానికి ముందుకొచ్చింది. నేను తన వేలు పట్టుకున్నాను. వీడియో నడిచింది. డాన్సు అయిపోయింది, పాట ఆగిపోయింది. మేఘన దండం పెట్టింది. అప్పుడు ముందు వరసలో, కుర్చీల వీపుల చాటున ఇందాకటి నుంచీ కనపడని ఒక తల పైకి లేచింది.

సమ్మిట్ అంకుల్. పండగ భోజనాల క్యూలో ఎప్పుడూ అందరికన్నా ముందుండే మనిషి. ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టారు. ఒక్కరివే చప్పట్లు, హాలంతా వినపడుతున్నాయి. తర్వాత స్టేజి ఎక్కి, ఆ పిల్ల చిన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కెమెరా ఎక్కడుందో ఆ వైపు తిరిగి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు. అప్పటిదాకా ఏడుపు మొహంతో ఉన్న మేఘన నవ్వేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. స్వరూపకీ ఆగలేదు. ఎవరు ముందు చేతులు చాపారో తెలియదు, ఆ ఎత్తు పెంచిన కుర్చీ మాత్రం క్యాటలాగుల మీంచి జారి పక్కకి ఒరిగింది. వీధిలో కుక్కని తిప్పుతున్న ఎవరో ఆగి చూసి వెళ్లిపోయారు.

ఇంటి తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ సందులోంచి ఆయన గొంతు, చాలా మెల్లగా, వినపడింది.

"అమ్మాయ్, ఆ ప్రకటన వెనక్కి తీసుకోమంటారా? గ్రూపులోంచి తీసెయ్యొచ్చంట, మా మనవరాలు చెప్పింది."

స్వరూప నా భుజం మీద తల ఎత్తకుండానే అంది.

"ఉండనీయండి అంకుల్. అండ్ల తప్పేం లేదు."